హ్యాండిల్ రైజర్: ఏ ఎత్తు, ఏ రకం, వైర్లు ఏ దారిన

హ్యాండిల్ రైజర్, అంటే హ్యాండిల్‌ని పైకి లేపడానికి దాని కింద పెట్టే దిమ్మలు, కొనేముందు చాలామంది తమ ఎత్తు కొలుచుకుంటారు. నేనూ అదే చేశాను. 5 అడుగుల 11 అంగుళాల మనిషిని, బండి 350 సీసీ, పని రొయ్యల చెరువుల చుట్టూ తిరగడం. పొద్దున్నే అమలాపురంలో బయలుదేరితే అల్లవరం, ఓడలరేవు వైపు చెరువులు చూసుకుని, వెనక్కి వచ్చి రాజోలు మీదుగా సఖినేటిపల్లి, అక్కడ పంటు ఎక్కి నరసాపురం. ఇంటికి చేరేసరికి వంద కిలోమీటర్లు దాటుతుంది. సాయంత్రానికి రెండు భుజాల మధ్య ఎవరో బొటనవేలితో నొక్కిపెట్టినట్టు ఉండేది. ఎత్తు మనిషిని కదా, ఎత్తు రైజరే కావాలనుకుని 50 మిల్లీమీటర్లది తెచ్చి బిగించుకున్నాను.

వారం తిరక్కుండా సఖినేటిపల్లి రేవులో తెలిసింది. పంటు మీద బండ్లు ఒకదానికొకటి ఆనించి సర్దాలి. ఇంజను ఆపకుండా, ఫస్ట్ గేర్‌లో క్లచ్ పట్టుకుని, హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పాను. నెమ్మదిగా టుకటుకమంటున్న ఇంజను ఉన్నట్టుండి అరిచింది. నా కుడిచెయ్యి యాక్సిలేటర్ తిప్పలేదు, బ్రేక్ మీద ఉంది. ఎదురుగా చేపల గంప పక్కన పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఎడమచెయ్యి క్లచ్ వదలలేదు కాబట్టి సరిపోయింది. హ్యాండిల్ తిన్నగా తిప్పగానే ఇంజను మళ్లీ మామూలైంది. ఆ రోజు నరసాపురం ఒడ్డున బండి దిగి చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

మర్నాడు నాకు తెలిసిన పాత మెకానిక్ బాబాయి హెడ్‌లైట్ విప్పి చూపించాడు. యాక్సిలేటర్ వైరు వీణ తీగలా బిగుసుకుని ఉంది. హ్యాండిల్ ఎడమకు తిప్పితే కుడి గ్రిప్ ముందుకు పోతుంది, వైరు అంత పొడవు లేదు, దాంతో వైరే యాక్సిలేటర్‌ని లాగేస్తోంది. "ఎత్తు బాగానే ఉందండీ, వైరుకే అందట్లేదు" అన్నాడు. రైజర్ బిగించిన షాపులో ఎవరూ హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూడలేదు. డబ్బులిచ్చి బయటికి వచ్చేటప్పుడు నేనూ తిప్పి చూడలేదు.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. రైజర్ ఎత్తుని మన ఒడ్డూపొడవూ చూసి తీసుకోకూడదు. మన బండి వైర్లు ఎంత ఎత్తుకి ఒప్పుకుంటాయో చూసి తీసుకోవాలి. హైవే మీద తిన్నగా పోయేవాడికి ఈ తేడా ఎన్నాళ్లకో గానీ తెలియదు. మనకలా కాదు. కాలువ గట్టు మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి తిప్పుకోవాలి, చెరువు గట్టు మీద రెండు మీటర్ల జాగాలో మళ్లించాలి, పంటు ఎక్కాలి, రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన రోజుల్లో అంచున ఇరుక్కుని వంకరలు తిరగాలి. హ్యాండిల్ చివరి దాకా తిరిగే పని రోజుకి పాతికసార్లు ఉంటుంది.

అసలు ఎత్తే కావాలా?

భుజం నొప్పి, మణికట్టు తిమ్మిరి, మెడ పట్టేయడం అన్నిటికీ హ్యాండిల్ ఎత్తే కారణం అవ్వాలని లేదు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, రోజూ కూర్చునే చోటే కూర్చోండి. కళ్లు మూసుకుని, భుజాలు వదులు చేసి, గ్రిప్ పట్టుకోబోతున్నట్టు చేతులు ముందుకు చాపండి. గుప్పిళ్లు ఎక్కడ హాయిగా ఆగాయో అక్కడే ఆపి కళ్లు తెరవండి. ఇంట్లో ఎవరినైనా టేపు పట్టుకోమనండి. గుప్పిళ్లు గ్రిప్‌ల కంటే పైన ఆగితే మీకు కావాల్సింది ఎత్తు. గ్రిప్‌లకి ఇవతలే, ఒంటికి దగ్గరగా ఆగితే కావాల్సింది దగ్గరితనం. నన్ను బాబాయి కూర్చోబెట్టి కొలిస్తే పైకి 15 మిల్లీమీటర్లు, వెనక్కి 30 వచ్చింది. నేను కొన్నది దాదాపు తిరగేసిన లెక్క.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు నిలువుగా ఉండవు, వెనక్కి వాలి ఉంటాయి. రోజువారీ బండ్లలో ఆ వాలు సుమారు 26 డిగ్రీలు. రైజర్ కూర్చునేది ఆ వాలు మీదే కాబట్టి అది హ్యాండిల్‌ని నిట్టనిలువునా లేపదు. 30 మిల్లీమీటర్ల మామూలు రైజర్ పెడితే హ్యాండిల్ సుమారు 27 పైకి, 13 వెనక్కి వస్తుంది. కాస్త ఎత్తు, కాస్త దగ్గరితనం రెండూ కావాల్సిన వాళ్లకి తిన్నని దిమ్మలే సరిపోతాయి. దగ్గరితనమే ఎక్కువ కావాలంటే పుల్‌బ్యాక్ ఉన్నవి చూడాలి. పుల్‌బ్యాక్ అంటే హ్యాండిల్ కూర్చునే గాడి కింది బోల్టు కంటే వెనక్కి జరిగి ఉండే రకం.

ఖర్చు లేని దారి

ఏదైనా కొనేముందు ఇది చెయ్యండి. హ్యాండిల్‌ని పట్టుకున్న నాలుగు క్లాంప్ బోల్టులు కొంచెం వదులు చేసి, హ్యాండిల్‌ని రవ్వంత మీ వైపు తిప్పి, మళ్లీ బిగించి రెండు రోజులు నడపండి. మన బండ్ల మామూలు పైపు హ్యాండిల్ పైకీ వెనక్కీ వంగి ఉంటుంది కాబట్టి నాలుగైదు డిగ్రీలు తిప్పినా గ్రిప్‌లు ఒక సెంటీమీటర్ దాకా కదులుతాయి. చాలామంది నొప్పి అక్కడే తీరిపోతుంది. కంపెనీ వాళ్లు హ్యాండిల్ మీద చిన్న చుక్క గుర్తు కొట్టి ఉంటారు. తిప్పే ముందు అది ఎక్కడుందో ఫోటో తీసుకోండి.

హ్యాండిల్ తిప్పాక లివర్లు కూడా తిరుగుతాయి, వాటిని మళ్లీ సర్దాలి. మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలా ఉండాలి, మణికట్టు పైకి విరగకూడదు. నిజానికి కొందరి తిమ్మిరికి లివర్ల కోణమే కారణం, హ్యాండిల్‌ని ముట్టుకోనక్కర్లేదు. స్విచ్ గడ్డలకి మాత్రం లోపల చిన్న మేకు ఉండి హ్యాండిల్‌లోని రంధ్రంలో కూర్చుంటుంది. అది తెలియక బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ విరుగుతుంది. డిస్క్ బ్రేక్ ఉన్న బండికి ఇంకో జాగ్రత్త ఉంది. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ఇంచుమించు సమంగా ఉండాలి. బాగా వాలిపోతే ఆయిల్ ఒక మూలకి చేరి, గాలి లోపలికి పోయే వీలుంది.

లేత్‌లో చేయించిన దిమ్మలా, రెడీమేడ్ రైజరా?

మన దగ్గర ఇది నిజంగా ఎదురయ్యే ప్రశ్న. రైస్ మిల్లులకి, ఏరేటర్లకి, డీజిల్ ఇంజన్లకి పని చేసే లేత్ షాపు లేని ఊరు డెల్టాలో తక్కువ. అల్యూమినియం కడ్డీ ఇస్తే గంటలో రెండు దిమ్మలు తీసిస్తారు, అదీ నాలుగో వంతు ఖర్చుతో. నేను లేత్ పనిని తక్కువ చేసి చెప్పను. 20 మిల్లీమీటర్ల లోపు తిన్నని దిమ్మ కావాలంటే మంచి టర్నర్ చేసింది రెడీమేడ్‌కి ఏమాత్రం తీసిపోదు. రెండు దిమ్మలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే ఎత్తు ఉండాలి, పైముఖం కిందిముఖం సమాంతరంగా ఉండాలి. ఈ రెండూ తప్పితే హ్యాండిల్ ఒక పక్కకి ఒరుగుతుంది, లేదా బోల్టు వంగి బిగుసుకుంటుంది.

చాలాచోట్ల బోల్టు సంగతి మర్చిపోతారు. దిమ్మ 20 మిల్లీమీటర్లు పెరిగితే బోల్టు కూడా 20 పెరగాలి. పాత బోల్టే వేసి "పట్టింది కదండీ" అంటే ఒప్పుకోవద్దు. అల్యూమినియంలోకి పోయే బోల్టు దాని మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపల మర పట్టాలి. 8 మిల్లీమీటర్ల బోల్టుకి అది 12 మిల్లీమీటర్లు. చూసుకోవడం సులువు. ఆ బోల్టు మామూలు మరకి ఒక చుట్టు 1.25 మిల్లీమీటర్లు. పానా లేకుండా చేత్తో తిప్పితే మర అందుకున్న దగ్గర్నుంచి తల ఆనేదాకా పది చుట్లు తిరగాలి. ఆరు చుట్లకే ఆనితే ఆ బోల్టు చాలదు. తల మీద 8.8 అని అచ్చు ఉన్నదే వాడండి. గేటుకి వేసే మామూలు బోల్టుని హ్యాండిల్‌కి వెయ్యకూడదు.

పుల్‌బ్యాక్ ఉన్నవి, 25 మిల్లీమీటర్లు దాటినవి మాత్రం లేత్‌లో వద్దు, మీ మోడల్‌కి చేసినవే కొనండి. వాటి ఆకారంలో బరువు ఒక పక్కకి పడుతుంది, గాడి సరిగ్గా గుండ్రంగా కుదరాలి. కొనేటప్పుడు హ్యాండిల్ మందం చూసుకోండి. మామూలు బండ్లకి 22 మిల్లీమీటర్లు, మధ్యలో లావుండి చివరలు సన్నబడే రకానికి క్లాంప్ దగ్గర 28.6. దానిది దీనికి పట్టదు. రేకు ముక్క అడ్డం పెట్టి పట్టించే పని అసలు చేయించొద్దు.

కొన్ని బండ్లలో క్లాంప్ కింద రబ్బరు బుష్‌లు ఉంటాయి. రైజర్ పెరిగేకొద్దీ వాటి మీద మెలి ఎక్కువవుతుంది. గుంతలో పడ్డప్పుడు హ్యాండిల్ మెత్తగా ఊగుతున్నట్టుంటే బుష్‌లు పోయాయని అర్థం. రైజర్‌తో పాటే కొత్తవి వేయించండి.

25, 50, లేదా హ్యాండిలే మార్చడం

15 నుంచి 25 మిల్లీమీటర్ల మధ్య అయితే ఎక్కువ బండ్లలో కంపెనీ వైర్లే సరిపోతాయి, దారి కొంచెం మారిస్తే చాలు. 30 దగ్గర సరిహద్దు మొదలవుతుంది. బండిని బట్టి ఏదో ఒక వైరు మొరాయిస్తుంది. 50 అంటే క్లచ్ వైరు, యాక్సిలేటర్ వైర్లు, బ్రేక్ పైపు అన్నీ పొడుగువి కొనాలని ముందే లెక్క వేసుకోండి. అప్పుడు రైజర్ ధర చిన్నది, మిగతా సామాను ధర పెద్దది అవుతుంది. నా 50 రైజర్ 1,400 రూపాయలు. దానికి కావాల్సిన వైర్లూ పైపూ కూలీ కలిపి బాబాయి చెప్పింది 5,000 పైన. అందుకే అది తీసేసి 25 పుల్‌బ్యాక్ వేసుకున్నాను.

50 ఎవరికి నిజంగా పనికొస్తుందంటే, గంటల తరబడి నిలబడి నడిపేవాళ్లకి. కొండదారుల్లో, రాళ్లలో నిలబడి తోలేవాళ్లకి నడుము వంగకుండా ఆ ఎత్తు కావాలి. హీరో వాళ్లు ఎక్స్‌పల్స్ 200కి ఇచ్చిన ర్యాలీ కిట్‌లో హ్యాండిల్ రైజర్లు కూడా ఉండేవి, ఆ కిట్ ఉద్దేశమే అది. మారేడుమిల్లి ఘాట్ల వైపు తరచుగా వెళ్లేవాళ్లు ఆలోచించుకోవచ్చు. అంతర్వేది, కొత్తపేట, పాలకొల్లు మధ్య తిరిగే మనం నిలబడేది ఏదో స్పీడ్ బ్రేకర్ దగ్గర అరనిమిషం.

ఎత్తు పెరిగితే పోయేదీ ఉంది. ఒళ్లు నిటారుగా అయ్యేకొద్దీ బరువు వెనక్కి జరుగుతుంది, ముందు చక్రం తేలిక అవుతుంది. ఇసుక పడ్డ గట్టు మీద ఆ తేలికతనం చేతికి తెలుస్తుంది. సిద్ధాంతం వంతెన మీదో చించినాడ వంతెన మీదో గోదావరి గాలి పక్క నుంచి కొట్టేటప్పుడు గుండెకి తగిలే గాలి కూడా ఎక్కువే. వెనక రెండు మేత బస్తాలు కట్టుకుని వెళ్లేవాళ్లకి ముందు చక్రం ఇప్పటికే తేలిగ్గా ఉంటుంది. వాళ్లకి నా సలహా 20 దాటొద్దని.

హ్యాండిలే మార్చడం ఇంకో దారి. వెడల్పు కూడా ఇబ్బందైన వాళ్లకి, ముఖ్యంగా భుజాలు సన్నగా ఉన్నవాళ్లకి ఇదే మేలు. రైజర్ వెడల్పుని మార్చలేదు. ఒకే ఇంజనుతో ఎత్తు హ్యాండిల్, కింది హ్యాండిల్ రెండు రకాలూ వచ్చే బండ్లయితే, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, కాంటినెంటల్ జీటీ 650 లాగా, ఎత్తు మోడల్ సామాను స్పేర్ పార్టుల కౌంటర్‌లో అడిగి పోల్చుకోవచ్చు. కానీ కొత్త హ్యాండిల్‌కి స్విచ్ మేకుల రంధ్రాలు కొలిచి వెయ్యాలి, గ్రిప్‌లు కోసి తీయాలి, పని రైజర్‌కి రెండింతలు.

హ్యాండిల్ రెండు ముక్కలుగా ఫోర్కులకే పట్టి ఉండే బండ్లకి, ఆర్15 లాంటివాటికి, ఈ దిమ్మలేవీ వర్తించవు. వాటికి వేరే ప్లేట్లు దొరుకుతాయి గానీ, నేనైతే ఆ డబ్బు పెట్టను. బండి కూర్చునే తీరే వేరు.

వైర్ల దారి మార్చడం

అసలు పని ఇది. రైజర్ బిగించడం అరగంట, వైర్లు సర్దడం సగం రోజు. దీనికి టైమ్ ఇవ్వని మెకానిక్ దగ్గర చేయించకండి.

మొదట ఏదీ విప్పకుండా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. తర్వాత ఒక్కో వైరు ఎక్కడ మొదలై ఏ రింగులోంచి దూరి ఎక్కడికి పోతుందో వేలితో తడుముతూ వెళ్లాలి. కంపెనీ వాళ్లు వైర్లని క్లిప్పులతో, రింగులతో పట్టి ఉంచుతారు. పొడవు అక్కడే దాగి ఉంటుంది. నా బండి క్లచ్ వైరు లివర్ నుంచి బయలుదేరి, హెడ్‌లైట్ ముందుగా పెద్ద చుట్టు తిరిగి, ఫ్రేమ్ మీది రింగులోంచి ఇంజను దగ్గరికి దిగుతుంది. బాబాయి దాన్ని రింగులోంచి తీసి, ఫోర్కుకీ హెడ్‌లైట్ డూమ్‌కీ మధ్య సందులోంచి పంపాడు. చుట్టు చిన్నదయ్యేసరికి మూడు వేళ్ల పొడవు మిగిలింది. 25 మిల్లీమీటర్ల రైజర్‌కి అది ఎక్కువే.

దగ్గర దారి దొరికింది కదా అని ఎలా పడితే అలా పంపకూడదు. హ్యాండిల్ చివరికి తిరిగినప్పుడు ఫ్రేముకి ఆనే ఇనుప ఆపు ఒకటి కింద ఉంటుంది. ఆ సందులో వైరు పడితే కత్తెరలో పెట్టినట్టే. సిలిండర్‌కి, సైలెన్సర్ పైపుకి తగిలితే వైరు పైతొడుగు కరుగుతుంది. వంపు కనీసం గుప్పెడంత ఉండాలి. అంతకంటే చిన్న వంపులో లోపలి తీగ రాపిడికి పోగులు లేస్తుంది, క్లచ్ బరువెక్కుతుంది. రైజర్ వేశాక క్లచ్ గట్టిగా అయిందంటే వైరు ఎక్కడో మడత పడిందన్నమాట. ఆయిల్ పోస్తే అది తీరదు.

దారి మార్చాక వెంటనే ప్లాస్టిక్ ట్యాగులు బిగించేయొద్దు. ముందు గుడ్డపీలికతో వదులుగా కట్టి, తిప్పి చూసి, నచ్చాకే ట్యాగు వెయ్యాలి. అదీ వైరు లోపల జారేంత వదులుగా.

యాక్సిలేటర్‌కి చాలా బండ్లలో రెండు వైర్లు ఉంటాయి, ఒకటి తెరవడానికి, ఇంకొకటి మూయడానికి. రెండూ ఒకే దారిన పోవాలి. గ్రిప్ అంచు దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఆట (వైరు లాగడం మొదలయ్యేలోపు ఖాళీగా కదిలే దూరం) చాలా బండ్లకి సరైనది, మీ బండి పుస్తకంలో ఏముంటే అది పాటించండి. కేటీఎం 390 డ్యూక్ 2017 మోడల్ నుంచి, హిమాలయన్ 450 లాంటి బండ్లలో యాక్సిలేటర్ వైరే ఉండదు, కరెంటు వైరు ఉంటుంది. వాళ్లకి నాకెదురైన ప్రమాదం రాదు గానీ, స్విచ్‌ల వైర్ల కట్ట లాగుడు పడకుండా చూసుకోవాలి. ఆ కట్ట అన్ని బండ్లలోనూ ఉంటుంది, అందరూ మర్చిపోయేదీ అదే. హ్యాండిల్ తిప్పినప్పుడు హారన్ మోగినా, లైటు ఆరినా, ఇంజను ఆగినా అక్కడ చూడండి.

పొడుగు వైరు కావాల్సి వస్తే రెడీమేడ్‌గా కుదిరిందే కొనండి. పాత వైరు తీగ మార్చి చివర సీసం అతికించి ఇచ్చే పని క్లచ్‌కి ఇల్లు చేరేదాకా ఫరవాలేదు. యాక్సిలేటర్‌కి ఎప్పుడూ వద్దు.

బ్రేక్ పైపు

ముందు డ్రమ్ బ్రేక్ ఉన్న బండి అయితే లివర్ నుంచి చక్రం దాకా వైరే. డిస్క్ ఉండి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేకపోతే పైపు హ్యాండిల్ నుంచి చక్రం దగ్గర డిస్క్‌ని నొక్కే క్యాలిపర్ దాకా దిగుతుంది. ఈ రెండిట్లో రెండు చివరలూ హ్యాండిల్‌తో పాటే తిరుగుతాయి కాబట్టి హ్యాండిల్ తిప్పి చూస్తే లోటు బయటపడదు. ముందు చక్రం నేల నుంచి లేపి, ఫోర్కులు పూర్తిగా కిందికి జారనిచ్చి చూడాలి. అప్పుడే పైపు అన్నిటికంటే ఎక్కువ సాగుతుంది. గుంత దాటి చక్రం కిందికి దిగిన ప్రతిసారీ రోడ్డు మీద జరిగేది అదే.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. వాటిలో పైపు హ్యాండిల్ నుంచి ఏబీఎస్ పెట్టెకి పోయి, అక్కడి నుంచి వేరే పైపు చక్రానికి వస్తుంది. చక్రం పైపు జోలికి రైజర్ రాదు. పై పైపుకి మాత్రం ఒక చివర తిరుగుతుంది, ఒక చివర తిరగదు. కాబట్టి ఇక్కడ హ్యాండిల్ రెండు వైపులా తిప్పి చూడాలి. బిగుతుగా ఉంటే రైజర్ తగ్గించుకోమనే నేను చెబుతాను. ఏబీఎస్ ఉన్న బండికి పైపు మార్చి గాలి తీయడం అందరికీ చేతనయ్యే పని కాదు, కంపెనీ సర్వీసులోనే చేయించాలి.

ట్రాక్టర్లకీ ప్రొక్లెయినర్లకీ హైడ్రాలిక్ పైపులు నొక్కి ఇచ్చే షాపులు మనకి చాలా ఉన్నాయి. "ఇది అంతకంటే గట్టిదండీ, ఏం కాదు" అని బ్రేక్ పైపు కూడా చేసిస్తామంటారు. వద్దు. మామూలు హైడ్రాలిక్ నూనెకి చేసిన రబ్బరు బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. బయటికి ఉక్కు అల్లిక కనిపించినా లోపలి రబ్బరు వేరు. బ్రేక్‌కని చేసిన పైపే కొని, దాని బోల్టుకి రాగి వాషర్లు రెండూ కొత్తవి వేయించండి.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. సముద్రం పక్కన, కాలువల మధ్య ఉన్నాం మనం. షాపులో ఎప్పుడో మూత తీసిన డబ్బాలోంచి పొయ్యనివ్వకండి, చిన్న డబ్బా కొత్తది కొని మీ ముందే తెరిపించండి. ట్యాంకు మీద తడిగుడ్డ పరిపించండి, ఒక్క చుక్క పడితే పెయింటు లేచిపోతుంది.

తీసుకెళ్లే ముందు

నిలబెట్టిన బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్ ఎడమ చివరి దాకా, కుడి చివరి దాకా మెల్లగా తిప్పండి. ఇంజను చప్పుడు రవ్వంత కూడా మారకూడదు. తర్వాత యాక్సిలేటర్ కొంచెం తిప్పి వదలండి, రెండు చివర్లలోనూ అది టక్కున వెనక్కి రావాలి. క్లచ్ లివర్ ఆట మూడు చోట్లా, ఎడమ, మధ్య, కుడి, ఒకేలా ఉండాలి. ఒక వైపు తిప్పినప్పుడు ఆట మాయమైతే క్లచ్ సగం నొక్కి నడుపుతున్నట్టే, ప్లేట్లు కాలిపోతాయి. లివర్లు, ఆయిల్ డబ్బా ట్యాంకుకి తగలకూడదు. పుల్‌బ్యాక్ వేసిన బండ్లలో ఇది తరచుగా జరుగుతుంది. బొటనవేలు ట్యాంకుకీ గ్రిప్‌కీ మధ్య నలుగుతుందేమో కూడా చూసుకోండి. ఇదంతా అయ్యాక మీరు రోజూ తగిలించే సంచీ, క్యారేజీ, కొబ్బరికాయల జత హ్యాండిల్‌కి తగిలించి మళ్లీ తిప్పండి. ఖాళీ బండికి బాగున్న వైరు సంచీ బరువుకి నొక్కుకుపోవడం నేను చూశాను.

క్లాంప్ బోల్టులు 8 మిల్లీమీటర్లవైతే సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగింపు. బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచి ఉన్న మెకానిక్‌ని వెతుక్కోండి. బలం చూపించి బిగిస్తే అల్యూమినియం మర పీకేస్తుంది. ఒక వారం తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి.

ఓడలరేవు, అంతర్వేది లాంటి తీరం ఊళ్లలో బండి పెట్టుకునేవాళ్లకి ఉప్పుగాలి ఉంటుంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం దిమ్మ, ఉప్పు తేమ కలిస్తే రెండేళ్లలో అవి ఒకదాన్నొకటి పట్టేసుకుని ఊడిరావు. బిగించేటప్పుడే మరలకి పలచగా యాంటీ సీజ్ పూత రాయించండి, అప్పుడు బిగింపు పై లెక్కలో తక్కువ వైపు ఉంచమనండి. వైరు పైచివర రబ్బరు టోపీ ఊడిపోయి ఉంటే కొత్తది వెయ్యండి. దారి మారాక వైరు నోరు ఆకాశం వైపు తిరిగితే వానాకాలం నీళ్లన్నీ లోపలికే దిగుతాయి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సవరించిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చని చెబుతోంది. మీ బండికి కంపెనీయే అమ్మే రైజర్ ఉంటే ముందు దాన్నే చూడండి. కోతలు, వెల్డింగులు అవసరమయ్యే ఏ పనీ హ్యాండిల్ దగ్గర చేయించొద్దు. నేను వేసుకున్న 25 పుల్‌బ్యాక్ నాలుగు బోల్టులు విప్పితే వచ్చేస్తుంది. పాత బోల్టులు, పాత క్లిప్పులు, ఆ మొదటి ఫోటోల ప్రింట్లు ఒక కవర్లో వేసి సైడ్ బాక్స్‌లో పెట్టుకున్నాను.